చిన్నోడి అక్క

చిన్నోడికి నలభై దాటి చాలా కాలమైంది. నెత్తిన జుట్టు సెలవు పుచ్చుకుంది, పొట్ట ముందుకొచ్చింది, ఆఫీసులో ‘సార్’ అని పిలిచేవాళ్ళు కూడా ఉన్నారు. అయినా వాళ్ళక్కకి చిన్నోడే. అక్కని చూసి బావా, బావని చూసి బంధువులూ, ఆఖరికి కింద వాటాలో అద్దెకుండే లెక్కల మాస్టారూ అదే పేరు ఖాయం చేశారు. మనమూ అలాగే పిలుద్దాం, ఇంకో పేరు అతనికి నప్పదు.

అతని ఉద్యోగం కార్లు పంపడం. నడపడం కాదు, పంపడం. ఒక పెద్ద కంపెనీకి ఎక్కడెక్కడి నుంచో అతిథులు వస్తుంటారు. వాళ్ళని ఎయిర్‌పోర్ట్ నుంచి నగరంలోకి తీసుకురావడానికి ప్రైవేటు కార్లు బుక్ చేసే డెస్క్ అతనిది. అతిథి బయటికి రాగానే పేరు రాసిన బోర్డు కనపడాలి. బోర్డు వెనక డ్రైవర్ ఉండాలి. కారులో నీళ్ళ సీసా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, అతిథి అడక్కముందే అతని ఫోనుకి సంగతులన్నీ చేరిపోవాలి: కారు నంబరు, డ్రైవర్ పేరు, ఎక్కడ దించుతాడో ఆ చోటు. ఏది మారినా ఆ క్షణంలో మెసేజ్ వెళ్ళాలి. ఈ మెసేజ్‌ల ఏర్పాటు పట్టుబట్టి పెట్టించింది చిన్నోడే. ఆ గర్వం అతనికి ఇంతా అంతా కాదు.

ఇన్నేళ్ళ సర్వీసులో అతను ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళి ఒక్క మనిషికైనా ఎదురు నిలబడింది లేదు. అవసరం పడలేదంటాడు. ఆఫీసులో అబ్బిన ఈ విద్యని మెల్లగా ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. అత్తగారికి కంటి ఆపరేషన్ అయితే కారు పంపాడు, మెత్తటి సీట్లున్న మంచి కారు. స్నేహితుడి తండ్రి పోతే వాళ్ళ చుట్టాల కోసం రెండు కార్లు పంపాడు, తను మాత్రం సాయంత్రం వీధి చివరి దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. ఏడుస్తున్న మనిషి ఎదురుగా నిలబడాలంటే వాడికి కాళ్ళు ఆడవు. పిరికితనం అని మనం అంటాం. ఏర్పాటు అని వాడు అంటాడు.

“వీడు తన పెళ్ళికి కూడా కారుని పంపి ఊరుకుంటాడేమోనని ముహూర్తం దాకా నాకు గుండె దడే” అని బావ పదిమందిలో అంటూ ఉండేవాడు.

ఆ బావ కాటాలు బాగుచేసే మేస్త్రి. బియ్యం కొట్లో చిన్న త్రాసు దగ్గర్నుంచి లారీతో సహా తూచే పెద్ద కాటా దాకా ఏది తప్పు చూపించినా ఆయన్ని పిలిచేవాళ్ళు. ఈ ఊళ్ళో ఒక గోడౌన్లో కాటా మొరాయిస్తోందంటే వచ్చి, బావమరిది ఇంట్లో దిగాడు. పని దాదాపు అయిపోయిందనగా గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆసుపత్రిలో పడేశారు. గండం గడిచింది, కానీ భార్యని పిలిపిస్తే మంచిది అన్నాడు డాక్టరు.

అక్క అంతకుముందు విమానం ఎక్కి ఎరగదు. చిన్నోడు టికెట్టు తీశాడు, ఆనక తన విద్య అంతా చూపించి కారు బుక్ చేశాడు. బావ మంచం పక్కనే కూర్చుని ఫోన్లో ఒక్కొక్కటే నింపుతుంటే, ముక్కులో గొట్టం పెట్టుకున్న ఆ మనిషి ఊరుకోడే!

“బోర్డు మీద పేరు రాయించకురా. తన పేరు అచ్చులో చూస్తే ఇంకెవరో అనుకుని పక్కనుంచి వెళ్ళిపోతుంది మీ అక్క. ‘చిన్నోడి అక్క’ అని రాయించు. వెయ్యి మందిలో కూడా గబుక్కున ఆగుతుంది.”

“బాగోదు బావా, మర్యాదగా ఉండొద్దూ?”

“నీ మర్యాద నీ దగ్గర పెట్టుకో. చెప్పింది రాయించు. ఇదిగో, ఇంకోటి. ఈ గడ్డం దురద పెట్టి చంపుతోంది. ఇలా చూసిందంటే అక్కడే కూర్చుని ఏడుస్తుంది. కాస్త గీస్తావేంట్రా?”

“రేపు పొద్దున్నే మనిషిని పిలిపిస్తాలే” అన్నాడు చిన్నోడు.

బోర్డు సంగతి రాయించాడు. గడ్డం సంగతి మర్చిపోయాడు.

మర్నాడు పొద్దున అక్క ఫోన్ చేసి, “ఎక్కానురా, బెల్టు పెట్టుకోమంటున్నారు, ఇది నడుముకా భుజానికా తెలీట్లేదు, ఫోను కట్టేయమంటున్నారు, ఉంటా” అని పెట్టేసింది. ఆ తర్వాత కాసేపటికి, నర్సు వచ్చి దిండు సర్దుతుండగా, బావ ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. అంతే. తలుపులు తెరుచుకున్నాయి, మనుషులు పరిగెత్తారు, ఏవేవో చేశారు. వరండాలో నిలబడ్డ చిన్నోడికి డాక్టరు ఎదురొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువుకే చిన్నోడికి అంతా అర్థమైంది.

అతని భార్య టెలిఫోన్ ఆఫీసులో పనిచేస్తుంది. గొంతు గట్టిది, మనసు ఇంకా గట్టిది. గోడకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, మొగుడి వైపు తిరిగింది.

“వదిన దిగేసరికి మీరు అక్కడుండాలి. బయల్దేరండి.”

“ఇక్కడ కాయితాలూ అవీ…”

“ఇక్కడ నేను చూసుకుంటాను. అంబులెన్సులో ఇంటికి తీసుకొస్తాను. మీరు వెళ్ళండి.”

“కారు బుక్ అయిపోయింది కదే. ఈపాటికి డ్రైవర్ బయల్దేరి ఉంటాడు. ఇంటికి తీసుకొస్తాడు. ఇంటికొచ్చాక మనం నెమ్మదిగా…”

“కారు బుక్ అయింది సరే. మనిషి?” అంది.

ఇలాంటప్పుడు చిన్నోడు చేసే పని ఒకటే, ఫోను తీసి ఏదో ఒకటి చక్కబెట్టడం. అక్కని ఆసుపత్రికి తీసుకురావాలని కదా నిన్న రాయించాడు? ఆసుపత్రికొస్తే ఏం చూస్తుంది, ఖాళీ మంచం. గుమ్మంలో ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి చెబుతాడు. వద్దు. బుకింగ్ తెరిచాడు. ఆసుపత్రి తీసేశాడు, ఇంటి అడ్రసు పెట్టాడు. కింద ‘సరే’ నొక్కాడు. పని సవ్యంగా అయినట్టు పచ్చ గుర్తు వచ్చింది. ఆ కష్టంలో కూడా ఆ పచ్చ గుర్తు చూసి అతనికి కొంచెం ఊరట కలిగింది, పాపం.

తాను ఎందుకు వెళ్ళకూడదో అతను ఇంటికి వెళ్ళే దారంతా తనకు తానే చెప్పుకున్నాడు. ముందు గది ఖాళీ చేయాలి, సోఫా బయట పెట్టాలి, మాస్టారిని కుర్చీలు అడగాలి. అన్నీ నిజమే. ఎవరు చేసినా అయ్యే పనులే.

ఇంకో కారణం కూడా చెప్పుకున్నాడు. చావు కబురు ఫోన్లో చెప్పకూడదని ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతి పెట్టింది అక్కే. వాళ్ళ నాన్న పోయిన నాడు చిన్నోడు హాస్టల్లో ఉన్నాడు. వార్డెన్‌కి ఫోన్ చేసి చెప్పించొచ్చని అందరూ అన్నారు. అక్క ఒప్పుకోలేదు. తను కూడా అప్పటికి పెద్దదేం కాదు, రెండు జడల పిల్ల. బస్సులు మారి, దుమ్ము కొట్టుకుని, క్లాసు గుమ్మంలో నిలబడింది. వాణ్ణి బయటికి పిలిచి మెట్ల మీద కూర్చోబెట్టింది. ముందు మంచినీళ్ళు తాగించింది. వాడు గ్లాసు కింద పెట్టాక, చెయ్యి పట్టుకుని, అప్పుడు చెప్పింది. “ఇలాంటి కబురు వైరు మీద రాకూడదురా. మనిషి మోసుకురావాలి” అంది దారిలో. అప్పట్నుంచీ వాళ్ళింట్లో అదే చెల్లింది.

ఫోన్లో చెప్పకూడదన్న సగం చిన్నోడు శ్రద్ధగా పాటించాడు. మిగతా సగాన్ని కారు ఎక్కించాడు.

సోఫా బయటికి లాగి, మాస్టారి సాయంతో అలమారా ఒక పక్కకి జరుపుతుండగా ఫోన్ మోగింది. అక్క.

“ఒరేయ్ చిన్నోడా!” ఆ గొంతు వినగానే అతను అలమారా వదిలేశాడు. ఏడుపు గొంతు కాదది. భయం గొంతు కూడా కాదు. “దిగానురా! క్షేమంగా దిగాను. చెవులు దిబ్బళ్ళు పడ్డాయి గానీ ఇంకేమీ కాలేదు. బయటికొస్తే ఒకాయన బోర్డు పట్టుకుని నిలబడ్డాడు. ‘చిన్నోడి అక్క’ట! నలుగురూ చూసి నవ్వుతున్నారు. ఇది మీ బావ పనే కదూ?”

“ఊఁ.”

“అనుకున్నా! మంచాన పడ్డా ఆ బుద్ధి మారదు. సరే గానీ, ఇదేంట్రా? ఫోను తెరవగానే మెసేజ్ వచ్చింది, దిగే చోటు మారింది, హాస్పిటల్ కాదు ఇల్లు అని. డ్రైవరన్నయ్య కూడా అదే చెప్పాడు. ఇంటికి పంపించేశారా? నాకు చెప్పకుండా దాచి, నేనొచ్చేసరికి గుమ్మంలో కూర్చోబెట్టి చూపిద్దామనుకున్నారేం, ఇద్దరూ కూడబలుక్కుని?”

మెసేజ్! తను పట్టుబట్టి పెట్టించిన మెసేజ్. ఏ అతిథికీ ఏ చిన్న మార్పూ తెలియకుండా ఉండకూడదని పై అధికారులతో వాదించి మరీ పెట్టించిన మెసేజ్. అక్క విమానం దిగి ఫోను తెరిచేదాకా అది ఓపిగ్గా కాచుకుని కూర్చుంది.

అక్కడ ఒక్క క్షణం ఖాళీ ఉంది. “లేదక్కా” అనడానికి ఆ క్షణం చాలు. “నువ్వక్కడే ఉండు, నేనొస్తున్నా” అన్నా చాలు.

“ఊఁ” అన్నాడు.

అవతల అక్క ‘హమ్మయ్య’ అని ఒక్క నిట్టూర్పు విడిచింది. ఆ వెంటనే భోరున ఏడ్చింది. సంతోషంతోనే. రెండు రోజులుగా బిగబట్టుకున్నదంతా తెగింది. ఏడుస్తూనే నవ్వింది.

“నేను మొక్కని దేవుడు లేడురా దారి పొడుగునా. మేఘాల్లోంచి పోతుంటే, ఎలాగూ దగ్గరికొచ్చాను కదా అని ఇంకాస్త గట్టిగా అడిగాను. ఏదీ, ఫోను ఒకసారి ఆయనకివ్వు.”

“పడుకున్నాడక్కా.”

ఇది అతని నోట్లోంచే వచ్చింది. ఎవరూ అనిపించలేదు.

“అయ్యో, లేపకు లేపకు. పడుకోనీ. రాత్రంతా నిద్ర పట్టి ఉండదు. నేనొచ్చి లేపుతాలే” అని ఫోన్ పెట్టేసింది.

చిన్నోడు ఆ ఫోను పట్టుకుని గది మధ్యలో అలాగే నిలబడిపోయాడు. తన మీద తనకే రోత పుట్టింది. ఆ రోత ఎంత ఉన్నా, కాళ్ళు మాత్రం గుమ్మం వైపు కదల్లేదు.

అంబులెన్సు వచ్చింది. నలుగురు పట్టి బావని లోపలికి తెచ్చి, ముందు గదిలో చాప మీద తెల్ల దుప్పటి పరిచి పడుకోబెట్టారు. బావ తల వైపు దీపం వెలిగించి, చిన్నోడి భార్య మొగుణ్ణి వంటింట్లోకి పిలిచింది. జరిగింది విన్నాక ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

“పడుకున్నాడని చెప్పారా?” అని మాత్రం అడిగింది.

“నోట్లోంచి వచ్చేసింది.”

“వదిన నవ్వుకుంటూ ఆ గుమ్మంలోకి వస్తుందండీ. నవ్వుకుంటూ. ఆ మొహం నేను చూడలేను.” కొళాయి తిప్పి మొహం మీద నీళ్ళు చల్లుకుంది. “ఇప్పుడైనా ఎదురెళ్ళండి.”

చిన్నోడు వెళ్ళలేదు. డాబా మెట్లెక్కి డ్రైవర్‌కి ఫోన్ చేశాడు. డ్రైవర్ల నంబర్లు అతనికి కంఠతా వచ్చు. ఈ డ్రైవర్ పెద్ద వయసువాడు, నెమ్మదస్తుడు. అక్క భయపడుతుందని ఏరి కోరి అతన్నే వేయించాడు.

“ఎక్కడున్నారు? కొంచెం నెమ్మదిగా రండి. తొందర లేదు. చుట్టు తిరిగి వచ్చినా పర్లేదు.”

“ఆగే ఉన్నాం సార్. అమ్మగారు షాపు దగ్గర ఆపమన్నారు. ఆయనకి గడ్డం పెరిగి ఉంటుంది, రేజరు కొనాలన్నారు. లోపలికెళ్ళారు.” డ్రైవర్ గొంతు తగ్గించాడు. “సార్, ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. హాస్పిటల్ నుంచి ఇంటికి మార్పించిన వాళ్ళని చాలామందిని తీసుకెళ్ళాను. మనిషి బాగుపడి ఇంటికొస్తే తొందరగా తీసుకురమ్మంటారు. మీరు నెమ్మదిగా రమ్మంటున్నారు.”

చిన్నోడు పిట్టగోడ పట్టుకున్నాడు.

“పొద్దున్నే పోయాడు” అన్నాడు. అక్కకి చెప్పలేనిది ఈ పరాయి మనిషికి ఎంత సులువుగా చెప్పేశాడో చూడండి. అక్కడితో ఆగినా బాగుండేది. “మీరు పెద్దవారు. దారిలో… నెమ్మదిగా… మీరే చెప్పగలరా?”

అవతల డ్రైవర్ కారు దిగి తలుపు వేసిన చప్పుడు.

“చెప్పలేను సార్. చెప్పను కూడా. నాకు ఆమె ఎవరో తెలీదు. కుప్పకూలితే పట్టుకోవడానికి నా చెయ్యి పనికిరాదు, వెనక్కి తిరిగి చూడటం తప్ప నేనేం చెయ్యగలను? ఎక్కిందగ్గర్నుంచి ఒకటే మాట్లాడుతున్నారు సార్. తమ్ముడు ఎంత బాగా చూసుకున్నాడో, తమ్ముడు లేకపోతే ఏమయ్యేదో అని. నేను తలూపలేక చస్తున్నాను.” కొంచెం ఆగి అన్నాడు. “మీ సందు మొదట్లో పెట్రోల్ బంకు ఉంది కదా. అక్కడ ఆపుతాను. మీరు వచ్చేదాకా కదలను. రాకపోతే ఆ తర్వాత మీ ఇష్టం.”

చిన్నోడు కిందికి దిగాడు. ముందు గదిలో ఎవరూ లేరు, మంచుగడ్డలు తెచ్చిన మనిషితో మాట్లాడటానికి భార్య కిందికి వెళ్ళింది. దీపం వెలుగులో బావ మొహం. చెంపల మీద, గడ్డం కింద, తెల్లగా నల్లగా మొలిచిన ఆ వెంట్రుకలు. నిన్న దురదని గోక్కున్న చోట ఎర్రటి గీత ఇంకా పోలేదు. కాస్త గీస్తావేంట్రా అన్నాడు. పక్కనే కదా కూర్చున్నాను, చేతులు ఖాళీగానే ఉన్నాయి కదా అనుకున్నాడు చిన్నోడు. చేతుల్లో ఫోను ఉండింది. కారు బుక్ చేస్తున్నాడు.

అప్పుడు వచ్చింది ఏడుపు. పొద్దుట్నుంచీ రానిది, బావ కాళ్ళ దగ్గర కూలబడ్డాక వచ్చింది. బావా, బావా అని రెండుసార్లు పిలిచాడు. ఆ తర్వాత లేచి, గుమ్మంలో ఏ చెప్పులు దొరికితే అవి తొడుక్కుని వీధిలోకి పరిగెత్తాడు. ఒకటి తనది, ఇంకోటి మాస్టారిది. స్కూటరు తాళం జేబులోనే ఉందన్న సంగతి సగం దారిలో గుర్తొచ్చింది. వెనక్కి తిరిగితే మళ్ళీ రాలేనేమోనని భయమేసి తిరగలేదు.

కారు బంకు పక్కన నీడలో ఆగి ఉంది. డ్రైవర్ బయట నిలబడి అద్దం తుడుస్తున్నాడు, తుడవాల్సిందేమీ లేకపోయినా. చిన్నోణ్ణి చూసి, తల వంచుకుని నాలుగడుగులు అవతలికి వెళ్ళాడు.

చిన్నోడు తలుపు తీశాడు. చల్లగాలి మొహాన కొట్టింది. అక్క వెనక సీట్లో ఒక మూలకి ఒదిగి, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన ఆ బోర్డు. అడిగి తీసుకున్నట్టుంది.

“అదేంట్రా నువ్వొచ్చావ్! బావ దగ్గర ఎవరున్నారు? డ్రైవరన్నయ్య టైరు చూడాలని ఆపాడు, లేకపోతే ఈపాటికి ఇంట్లో ఉండేదాన్ని. అబ్బ, ఏంట్రా ఆ ఆయాసం! పరిగెత్తుకుంటూ వచ్చావా? కూర్చో.”

కూర్చున్నాడు. ముందు సీటు వెనక జాలీ సంచిలో నీళ్ళ సీసా ఉంది. అతని రూలు ప్రకారం ప్రతి కారులోనూ ఉండే సీసా. తీశాడు, మూత తిప్పాడు, అక్క ముందు పెట్టాడు.

“ముందు కాసిని మంచినీళ్ళు తాగక్కా.”

అక్క నవ్వుతూనే సీసా అందుకుంది. నోటి దాకా ఎత్తింది. అక్కడ ఆగిపోయింది. సీసాని చూసింది. తమ్ముణ్ణి చూసింది, వాడి కళ్ళు చూసింది, పొంతన లేని వాడి చెప్పులు చూసింది. నాన్న పోయిన నాటి మెట్లూ, ఆ గ్లాసూ ఆమెకీ గుర్తే. మంచినీళ్ళు తాగించాక ఏం చెప్పాలో ఆ ఇంట్లో మొదట నేర్చుకున్నది ఆమె.

సీసా దించేసింది. తాగలేదు.

“చెప్పు” అంది.

“అక్కా…”

“నీ నోటితో చెప్పరా. మనిషివి వచ్చావుగా. చెప్పు.”

చిన్నోడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “బావ పోయాడక్కా.”

“ఎప్పుడు?”

“పొద్దున. నువ్వు విమానంలో ఉండగా.”

ఆమె చాలా మెల్లగా అంది.

“మరి పడుకున్నాడన్నావు.”

“అన్నాను.”

“లేపకు అన్నానురా నేను.”

అక్క పక్కనున్న బోర్డు మీద చెయ్యి వేసింది.

“ఆ బోర్డు పట్టుకుని ఫోటో తీయించుకున్నాను. ఆయనకి చూపిద్దామని. డ్రైవరన్నయ్య వద్దమ్మా బయల్దేరదాం అంటున్నా వినకుండా తీయించుకున్నాను. పళ్ళన్నీ కనపడేలా నవ్వాను చిన్నోడా. ఆయన అక్కడ అలా ఉంటే నేనిక్కడ నవ్వాను. దారి పొడుగునా నవ్వుతూనే వచ్చాను. నవ్వించావు కదరా నన్ను!”

పిడికిలి బిగించి వాడి భుజం మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. వాడు కదల్లేదు. కొట్టి కొట్టి, ఆ భుజం మీదే తల వాల్చేసి, కారు అద్దాలు అదిరేలా ఏడ్చింది. వాడు ఆమెని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఎక్కడికైనా పారిపోవాలని అనిపించింది, అబద్ధమెందుకు. అయినా వదల్లేదు. బంకులో పెట్రోలు పోయించుకుంటున్న వాళ్ళు తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాడు.

చాలాసేపటికి అక్క లేచి, చీర చెంగుతో మొహం తుడుచుకుంది. ఒళ్ళో సంచీ పక్కకి జారింది. అందులోంచి చిన్న కవరు తీసి చూసుకుంది. రేజరు, సబ్బు, బ్రష్షు.

“గడ్డం గీశారా ఆయనకి?”

“లేదక్కా. నిన్న అడిగాడు. మనిషిని పిలిపిస్తానన్నాను.”

“పిలిపించావా?”

“మర్చిపోయాను.” చిన్నోడి చెయ్యి అలవాటు కొద్దీ జేబులోకి పోయింది. “ఇప్పుడు ఫోన్ చేస్తే ఎవరో ఒకరు…”

అక్క ఆ చేతిని పట్టుకుని ఆపింది. జేబులోంచి బయటికి లాగి, అరచెయ్యి తెరిచి, ఆ కవరు అందులో పెట్టింది. తన చేత్తోనే వాడి వేళ్ళు మూసింది.

“ఎవరినీ పిలవకు. అడిగింది నిన్ను. నువ్వే గీయాలి.”

“ఊఁ.”

“ఊఁ కాదు. నోరు తెరిచి చెప్పు.”

డ్రైవర్ వచ్చి తన సీట్లో కూర్చున్నాడు. బండి కదిలింది. చిన్నోడు మూసిన పిడికిలి తెరవకుండా, అక్క మొహంలోకి చూసి చెప్పాడు.

“గీస్తానక్కా. నేనే గీస్తాను.”